‘ట’ ఎక్కడ పెట్టాలి

పూర్ణా మార్కెట్ వెనక పాత పుస్తకాల కొట్లో
అట్ట లేకుండా దొరికారు దాలినాయుడు గారు.
ముప్ఫై అన్నాడు కొట్టువాడు, ఇరవైకిచ్చాడు.
మొదటి పేజీ మీద ఎవరిదో కాఫీ గ్లాసు గుండ్రం.

పగలు రేవులో బస్తాలు లెక్క రాసి
సాయంత్రాలు మనుషుల్ని రాసేవారట.
నేను చూడలేదు. అందుకే ‘ట’.
అది ఎక్కడ పెట్టాలో నేర్పిందీ ఆయనే.

మూడు నెలలు ఆయన్ని ఎత్తి రాశాను,
ఫిషింగ్ హార్బర్ ఐసు ఫ్యాక్టరీలో టోకెన్లు చింపుతూ,
లారీకీ లారీకీ మధ్య రెండేసి వాక్యాలు.
తడి వేళ్ళకి అక్షరాలు అలుక్కుపోయేవి.
మళ్ళీ రాసేదాన్ని.

అలా తెలిసింది,
ఏడుపొచ్చే చోట ఆయన ధరలు రాస్తారని.
కూతురు పోయిన రోజు పేజీలో ఉన్నదల్లా
కట్టెల రేటు, రిక్షా బేరం,
చిల్లర లేదన్న కాటికాపరి.
‘బాధ’ అన్న మాట పుస్తకం మొత్తమ్మీద ఒక్కసారే వస్తుంది.
అదీ పంటి బాధ.

‘లాగా’ కోసం వెతికాను. లేదు.
సముద్రం సముద్రమే.
పోర్టు బొగ్గుధూళి ఆరేసిన చొక్కా మీద పడితే
దులపాలి, రుద్దకూడదు, అంటారు. అంతే.
క్రియని వాక్యం చివరిదాకా దాచి
ఒక్కోసారి అసలివ్వరు.
మనమక్కడ చెయ్యి చాపుకుని నిలబడిపోతాం.

తర్వాత అమ్మ గురించి రాశాను.
రొయ్యలు వలిచే షెడ్డు, తెల్లవారుజాము నాలుగు,
వేళ్ళ సందుల్లో పాచిన తెల్లదనం.
ధరలు వేశాను. క్రియలు దాచాను.
వాన కురుస్తోందని కూడా రాశాను,
కురిస్తే బాగుంటుందనిపించి.

చదివి వినిపిస్తే
అమ్మ జడ అల్లుకోవడం ఆపి
“బాగుందే. ఎవులమ్మ గురించి రాసినావు?” అంది.

ఆదివారం పాత పోస్టాఫీసు దగ్గర బస్సు దిగాను.
నలభయ్యో పేజీలో ఆయన రాసిన సందు,
కొండ మీదికి పదకొండు మెట్లు, ఏడోది పగిలింది.
ఎక్కుతూ లెక్కపెట్టాను. పదమూడు.
దిగుతూ లెక్కపెట్టాను. పదమూడే.
ఏడోది నిక్షేపంగా ఉంది.
దాని మీదే కూలబడ్డాను.
మూడు నెలలు. నాలుగు పెన్నులు.

పంపు కింద బిందె పెట్టిన ముసలామె,
పేరడిగాను, ఫిలోమినమ్మ,
“కింద రెండూ తర్వాత కట్టినవే,
రోడ్డు తవ్వి పల్లం చేసినప్పుడు.
పగిలింది ఇప్పుడు తొమ్మిదోది. సిమెంటు రాసేరు, సూడు.”
వంగి తడిమాను.
సిమెంటు కింద వేలికి తగిలింది గీత.

“నా చిన్నప్పుడొకాయన వచ్చీవోడు.
మెట్టు మెట్టుకీ నిలబడి పుస్తకంలో రాసుకునీవోడు.
పిచ్చోడనుకుందట మా అమ్మ.”
బిందె నిండింది. ఆమె వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చి ముందు వాన కొట్టేశాను.
“అమ్మా, షెడ్డులో నిలబడతావా, కూర్చుంటావా?”
పాతికేళ్ళొచ్చాక అడిగిన ప్రశ్న.
“ఎడంకాలు మీద నిలబడతాను, కుడిది బకెట్టు మీద ఎట్టి.
నొప్పెడితే మారుత్తాను.”
రాసుకున్నాను, ఆమె మాటలోనే.
బేసినుకింత అని కూలి. గ్లోవ్స్ మనమే కొనుక్కోవాలి.
సూపర్‌వైజరు పేరు చెప్పి, రాయొద్దంది. రాయలేదు.

చివరికి, కాయితం మీంచి తలెత్తకుండా,
“నాన్న పోయిన నాలుగోరోజే పనికెళ్ళిపోయావట.
పిన్ని చెప్పింది.”

ఎదురింటి కుక్కర్ రెండు విజిల్స్ వేసింది.

“అట ఏటే.
ఎల్లినాను.
ఆ రోజు బేసిను ఎనిమిది రూపాయలు.”

‘ట’ కొట్టేశాను.
ఎనిమిది అని రాశాను,
అంకెలో కాదు, అక్షరాల్లో.